కట్టుడు పళ్ల కోసం ప్రార్థన

జయలక్ష్మమ్మకు దేవుడితో మాట్లాడటానికి మోకాళ్లు వంచాల్సిన పని లేదు. అవి వంగవు కూడా. పుదుచ్చేరి గోరిమేడులో పెద్దాసుపత్రి వెనక వీధిలో ఆమె ఇల్లు. ఆ ఇంటి వంటగదిలో, పొయ్యి ముందు నిలబడి, గరిటె చేతిలో పట్టుకునే ఆమె ప్రార్థన సాగుతుంది.

"ఏసయ్యా, ఈ కందిపప్పు ఎంతకీ ఉడికేట్టు లేదు, కాస్త చూడు. గ్యాసు సిలిండరు రేపటిదాకా రానీ. మా ఇంటాయనకు ఈ పొద్దు కోపం తగ్గించు. ఆమెన్."

తర్వాత మూత తీసి చూస్తుంది. పప్పు మెత్తబడి ఉంటే "థాంక్సు" అంటుంది. లేకపోతే, "సరేలే, నీకెన్ని పనులో" అని ఇంకో గ్లాసు నీళ్లు పోస్తుంది.

ఆమె భర్త పురుషోత్తమన్ కరెంటాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. నుదుటిన నామం లేనిదే వీధి గుమ్మం దాటడు. భార్య ప్రార్థన చెవిన పడగానే హాలులోంచి ఆయన గొంతు లేచేది.

"ఏంది జయా ఇది? లోకంలో యుద్ధాలు జరగతా ఉండాయి. ఆయన్ను పట్టుకోని పప్పు ఉడికించమంటావా?"

"యుద్ధాల సంగతి యుద్ధాలు చేసేవాళ్లు అడుక్కుంటారు. నా పొయ్యి మీద పప్పే ఉండాది."

ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో పొద్దున కాఫీ తర్వాత జరిగే రెండో కార్యక్రమం ఈ తగవే.

ఏ తాతల కాలంలోనో వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వాళ్లవి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. చదవడం రాయడం రెండూ అరవంలోనే. విష్ణుమూర్తిని పెరుమాళ్ అని కొలిచే అలాంటి ఇంట్లోకి ఏసయ్య ఎలా వచ్చాడంటే, ఆసుపత్రి వరండా మీదుగా వచ్చాడు.

కొడుకు యోగానంద్ చిన్నవాడుగా ఉన్నప్పుడు విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. పక్క మంచం మీద, సముద్రపొడ్డున జాలరిపేట కురుచికుప్పం నుంచి వచ్చిన, చేపలమ్మే పాప్పా బిడ్డ. ఒక సాయంత్రం పాప్పా తన బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అరవంలో గట్టిగా ప్రార్థించింది. చివర్లో జయలక్ష్మమ్మ వైపు చూసి ఇంకో మాట కలిపింది. "ఏసప్పా, ఎట్లాగూ ఇంత దూరం వచ్చినావు. ఆ పక్క మంచం కూడా చూసేసి పో. మళ్లీ దానికోసరం ఇంకో నడక ఎందుకు?"

పిల్లలిద్దరికీ నయమైంది. మందులిచ్చింది డాక్టర్లేనని జయలక్ష్మమ్మకు తెలుసు. అయినా పక్కింటి వాళ్లను పిలిచినంత చనువుగా దేవుణ్ణి పిలవవచ్చునన్న సంగతి ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ చనువు ఆమెకు నచ్చింది. ఆదివారం ఆదివారం పాప్పాతో చర్చికి పోవడం మొదలుపెట్టింది. శనివారం మాత్రం భర్త పూజించే పెరుమాళ్‌కు తులసిమాల కట్టడం మానలేదు. "ఆయన పూజకు నేను కట్టకపోతే ఎవురు కడతారు?" అనేది.

మొదట్లో ఆమెకు ఒకటే దిగులు. చర్చిలో అందరూ అరవంలో ప్రార్థిస్తున్నారు, తనకేమో మనసులో మాట తెలుగులోనే వస్తుంది. అది ఆయనకు అర్థమవుతుందా? పాప్పాను అడిగితే ఆమె చేపల గంప దించి నవ్వింది. "అక్కా, నీళ్లలో చేప ఏమనుకుంటుందో తెలిసినవాడికి నీ తెలుగు తెలీదా?"

ఇలా రోజులు బాగానే వెళ్లిపోతుంటే, పురుషోత్తమన్ జీవితంలో మొదటిసారి నవ్వాడు. కష్టాలన్నీ దాంతోనే మొదలయ్యాయి.

ఆయన నవ్వే రకం కాదు. రక్తపోటు ఎక్కువైందని డాక్టరు చెబితే, పాత స్నేహితుడు సౌందరరాజన్ ఆయన్ను బీచ్ రోడ్డులో పొద్దున్నే జరిగే నవ్వుల క్లబ్బులో చేర్పించాడు. క్లబ్బు నడిపేది శివరామన్ అనే పెద్దమనిషి. అరవై దాటినా నల్లగా నిగనిగలాడే ఒత్తయిన జుట్టు. ఆయన చేతులెత్తి "హా హా హా" అనగానే అందరూ సముద్రం వైపు తిరిగి "హా హా హా" అనాలి. పురుషోత్తమన్ కూడా ఫైలు మీద సంతకం పెట్టే ముఖంతోనే మూడు "హా"లూ లెక్కగా అనేసి ఇంటికి వచ్చేవాడు.

కార్తీకమాసంలో ఒక పొద్దున వాన అప్పుడే వెలిసింది. గాలి మాత్రం ఇంకా ఉధృతంగా ఉంది. శివరామన్ బండరాళ్ల దగ్గర నిలబడి, రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి, "మనసారా నవ్వండి! దాచుకోవడానికి మనిషి దగ్గర ఏముంది?" అన్నాడు. సరిగ్గా అప్పుడే గాలి ఆయన జుట్టును మొత్తంగా ఎత్తుకుపోయి, అక్కడ పడుకున్న వీధికుక్క ముందు పడేసింది. కుక్క దాన్ని ఒకసారి వాసన చూసి, నోట కరుచుకుని పరుగు తీసింది. గుండుతో శివరామన్ దాని వెనక పరుగు. క్లబ్బంతా ఆయన వెనక పరుగు.

పురుషోత్తమన్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయాడు. కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. ఆయన నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు పెట్టుకుని, వంగి మరీ నవ్వాడు. ఆ ఊపులో పై వరసా కింద వరసా కట్టుడు పళ్లు రెండూ నోట్లోంచి ఎగిరి, బండరాతి మీద ఒకసారి టక్కుమని, సముద్రంలోకి జారిపోయాయి.

శివరామన్ జుట్టు మాత్రం దొరికింది.

ఆటోలోంచి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దిగిన భర్తను చూసి జయలక్ష్మమ్మ కొట్లాటలో దెబ్బ తగిలిందేమోనని బెదిరిపోయింది. "ఏమయిందండీ? ఎవురు కొట్టినారు?"

ఆయన తువ్వాలు తీశాడు. "ఫళ్లు," అన్నాడు. "హముద్రంలో ఫడిఫోయినాయి."

ఆమె పెదవులు బిగబట్టుకుంది. కానీ భుజాలు కదిలాయి. ఆయన అది చూశాడు. పోయి ఈజీచైర్లో కూర్చున్నాడు.

కొత్తవి కట్టించుకోవడం ఏమంత కష్టం కాదు. ఆయన అన్నగారి మనవరాలు కవిప్రియ పళ్ల డాక్టరు చదువు చివరి సంవత్సరంలో ఉంది. వీళ్లింట్లోనే మేడ మీద గదిలో ఉంటోంది. కష్టమల్లా ఆయన నోరే. పాత సెట్టు కట్టిన డాక్టరు ఎప్పుడో పోయాడు. ఆ తర్వాత దాన్ని సరిచేస్తానని వచ్చిన ఇంకో డాక్టరు వేలు ఈయన కొరికాడు. కావాలని కాదు, గొంతులో వేలు పడితే ఆయన తన వశంలో తాను ఉండడు. ఆ అవమానంతో ఒట్టు పెట్టుకున్నాడు, తన నోట్లో ఇంకెవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదని.

"తాతా, ఒక్కసారి నోరు తెరవండి. కొలత తీసుకుంటా, అంతే," అని కవిప్రియ బతిమాలేది. ఆయన పెదవులు గట్టిగా మూసుకుని గోడ మీద క్యాలెండరు వైపు చూసేవాడు.

క్యాలెండరులో మార్గళి, అంటే ధనుర్మాసం, దగ్గరపడుతోంది. మార్గళి వస్తే తెల్లవారకముందే పెరుమాళ్ కోవెలలో భక్తులంతా కలిసి పాశురాలు పాడే గోష్ఠి. ముందుగా ఎత్తుకునేది పురుషోత్తమనే. పళ్లు లేకుండా పాశురం ఎత్తుకుంటే పెరుమాళ్ మాట అటుంచి, పక్కవాళ్లకు కూడా అది ఏ భాషో తెలియదు.

ఆయన వాకింగ్ మానేశాడు. సౌందరరాజన్ వస్తే స్నానంలో ఉన్నానని చెప్పించాడు. రసం పోసి మెత్తగా పిసికిన అన్నం రెండు ముద్దలు మింగి ఈజీచైర్లో కూర్చునేవాడు. పైగా మాట్లాడటం మానేశాడు.

ఒక మధ్యాహ్నం జయలక్ష్మమ్మ అప్పడాలు వేయిస్తూ, హాలులోకి వినిపించేలా కావాలనే గొంతు పెంచింది. "ఏసయ్యా, ఈ అప్పడం బాగా పొంగాల!"

చెవి రిక్కించి నిలబడింది. యుద్ధాల మాట రాలేదు. అప్పడం పొంగింది, మాడింది కూడా. ఆమె తొంగి చూస్తే ఆయన కిటికీలోంచి ఎవరో ఆరేసిన చీర వైపు చూస్తూ ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ తిట్లు ఎప్పుడాగుతాయా అనుకున్న మనిషికి, అవి ఆగిపోతే ఇల్లు ఇంత పెద్దదిగా ఉంటుందని తెలియదు.

ఆ రోజు పొయ్యి ఆర్పేసి, కుర్చీ లాక్కుని, కొంగు తల మీద కప్పుకుని పద్ధతిగా ప్రార్థించింది. "ఏసయ్యా, మా ఆయన పళ్లు ఇప్పించు. సముద్రం నీ మాట వింటుందని అందరూ అంటారు. నవ్వినందుకు మనిషికి ఇంత శిక్ష ఏంది? ఆయన మళ్లీ నన్ను తిట్టాల. ఆమెన్."

ఆ ఆదివారం చర్చిలో, ప్రార్థన విన్నపాలు చెప్పుకోండని కలైయరసన్ పాస్టరు అడిగాడు. ఒకరు కూతురి పురుడు అన్నారు, ఒకరు కొడుకు ఉద్యోగం అన్నారు. జయలక్ష్మమ్మ లేచి, "మా ఇంటాయన పళ్లకోసరం," అని కూర్చుంది. వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. పాస్టరు మాత్రం దగ్గి, అన్నింటితోపాటు దానికోసమూ ప్రార్థించాడు.

అంతా అయ్యాక ఆయన ఆమెను పక్కకు పిలిచాడు. "ఏంటమ్మా, భోజనానికి ఇబ్బందిగా ఉందా?"

"భోజనం పరవాలేదయ్యా, పిసికి పెడతా ఉండా. మార్గళి వస్తా ఉంది. పెరుమాళ్ కోవెల్లో పాశురాలు చదవాల ఆయన."

పాస్టరు నుదురు రుద్దుకున్నాడు. "అమ్మా... మనం ప్రభువును పళ్లు అడిగి... ఆ పళ్లతో మీ ఆయన కోవెల్లో..."

"అయ్యా, అంతమందికి రొట్టెలు, చేపలు పంచినాడు కదా. తిన్నాక ఎవురు యాడికి పోతారో అడిగి పంచినాడా?"

పాస్టరు నవ్వేశాడు. "లేదమ్మా. అడగలేదు. నేనూ ఇంటి దగ్గర ప్రార్థిస్తాలే."

పాస్టరు అనుకున్నదానికంటే ఆమె నమ్మకం ముందుకు పోయింది. చేప నోట్లో నాణెం దొరికిన సంగతి ఆమె చర్చిలో విని ఉంది. నాణెం పట్టే నోట్లో పళ్లు మాత్రం పట్టవా? మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి కురుచికుప్పం పోయింది. పాప్పా గంప ముందు స్టూలు వేసుకుని కూర్చుని, చేప తర్వాత చేపను తీసి నోరు తెరిచి చూడటం మొదలుపెట్టింది. వంజరం నోరు చూసింది, సంకరా నోరు చూసింది. ఆమె ఇంట్లో చేప వండరు. కాబట్టి చూడటమే తప్ప కొనడం లేదు.

చేపలు కొనడానికి వచ్చినవాళ్లకు అనుమానం పట్టుకుంది. "ఎవురీ అమ్మ? ఆఫీసరా?" అని ఒకరు, "చేపలకు పళ్ల డాక్టరేమో," అని ఇంకొకరు.

"పావం, మా అక్క మొగుడి పళ్లు సముద్రంలో పడినాయి," అని పాప్పా అందరికీ అరిచి చెప్పింది. "మీ చేపలో వస్తే తెచ్చి ఇచ్చెయ్యండి!"

ఆ మాటతో కొందరు కొనకుండానే వెళ్లిపోయారు. అయినా పాప్పా స్నేహితురాలిని లెమ్మనలేదు.

కబురు కుప్పమంతా పాకింది. వలల్లో చిక్కినవన్నీ పాప్పా గుమ్మం ముందుకు రావడం మొదలైంది. ఒంటి చెప్పు ఒకటి, బొమ్మ చెయ్యి ఒకటి, ఎవరిదో కళ్లజోడు, స్టీలు టిఫిను మూత. జయలక్ష్మమ్మ రోజూ వచ్చి వాటిని చూసి, "థాంక్సు ఏసయ్యా, దగ్గరికి వస్తా ఉండావు," అని వెళ్లేది.

ఒక పొద్దున ఆమె ఫోను మోగింది. పాప్పా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "అక్కా! మా మరిది అణ్ణాదురై వలలో! పళ్లు అక్కా! పళ్లు!"

అణ్ణాదురైనీ పాప్పానూ ఎక్కించుకున్న ఆటో గోరిమేడు చేరేసరికి జయలక్ష్మమ్మ వీధిలో నిలబడి స్తోత్రం పాడుతూ ఉంది. ప్లాస్టిక్ సంచిలోంచి తీసిన పళ్లసెట్టును వేడినీళ్లతో కడిగింది, ఉప్పుతో కడిగింది, పసుపునీళ్లతో కూడా కడిగింది. వెండి పళ్లెంలో పెట్టుకుని ఈజీచైరు ముందుకు పోయి నిలబడింది. వెనక పాప్పా, అణ్ణాదురై. అప్పుడే కాలేజీకి బయలుదేరబోతూ మెట్ల మీద ఆగిన కవిప్రియ.

"ఏమండీ, చూడండి. నా దేవుడు సముద్రం అడుగునుంచి తీసిచ్చినాడు."

పురుషోత్తమన్ కళ్లజోడు పెట్టుకున్నాడు. పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. తిప్పి చూశాడు. పక్కన ఒక పన్ను బంగారంతో మెరిసింది. మొత్తం సెట్టు ఆయన అరచేతిలో సగం కూడా లేదు.

ఇన్నాళ్లు మూసుకున్న నోరు ఒక్కసారిగా తెరుచుకుంది.

"ఎవురి ఫళ్లే ఇవి? ఆడమనిహి ఫళ్లు! బంగారు ఫన్ను ఉండాది! ఎవురో ఉమ్మేహిన ఎంగిలి తెచ్చి నాకు వెండి ఫళ్లెంలో ఫెడతావా? నా నోరు ఇంతేనా? ఇన్నేండ్లు కాఫురం చేహినావు, నా నోరెంతో నీకు తెలీదా? చూడు! బాగా చూడు!"

చూడమని నోరు ఆ చెవి నుంచి ఈ చెవిదాకా తెరిచాడు.

జయలక్ష్మమ్మ నోరు చూడలేదు. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, తిట్లు వింటూ నిలబడింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. "తిడతా ఉండారు పాప్పా," అని గొణిగింది. "బాగా తిడతా ఉండారు."

నోట్లోకి చూసింది కవిప్రియ. ఫోను లైటు వేసుకుని ఒక్క అంగలో వచ్చేసింది. "అట్లే ఉండండి తాతా! కదలవద్దండి. అబ్బా! ఈ వయసులో ఇట్లాంటి చిగుళ్లా? మా క్లాసులో బొమ్మకు కూడా ఇంత బాగా లేవు!"

పురుషోత్తమన్ నోరు మూయబోయి ఆగిపోయాడు. "ఏం? బాగుండాయా?" అన్నాడు, తెరిచిన నోటితోనే.

"బాగుండాయా ఏంది తాతా! మా సార్ చూస్తే అందరినీ పిలిచి చూపిస్తాడు."

కరెంటాఫీసులో అన్నేళ్లు పనిచేసినా ఆయన్ను మెచ్చుకున్నవాళ్లు లేరు. రిటైరైన రోజు పూలదండ వేసినవాడు కూడా పేరు తప్పు పలికాడు. అలాంటిది ఆయన చిగుళ్లను చూడటానికి క్లాసంతా వస్తుందట. "ఎఫ్ఫుడు రావాల?" అని అడిగాడు.

కాలేజీలో ఆయన కుర్చీ చుట్టూ నిజంగానే కుర్రకారు మూగింది. కొలత కోసం నోట్లో అచ్చు తీసే మెత్తటి ముద్ద పెట్టినప్పుడు ఆయన కవిప్రియ వేలు కొరికాడు గానీ, కొరకడానికి పళ్లు లేవు కాబట్టి ఏమీ కాలేదు. పొగిడించుకోవడానికి ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు పోయాడు.

జయలక్ష్మమ్మకు మాత్రం ఒక సందేహం మిగిలింది. ఆమె పాప్పాను అడిగింది. "ఏమే, ఆయన పొరబాటున వేరేవాళ్ల పళ్లు పంపినాడంటావా? అడ్రసు తప్పు పోయిందా?"

పాప్పా చేప పొలుసు గీస్తూ తలెత్తలేదు. "నీ మొగుడు నోరు తెరిచినాడా లేదా?"

"తెరిచినాడు."

"మరి ఇంకేంది?"

అణ్ణాదురై తెచ్చిన ఆ పళ్లు ఎవరివో తెలియలేదు. పాప్పా వాటిని సీసాలో ఉప్పు నీళ్లు పోసి గుమ్మంలో పెట్టింది. బంగారు పన్ను తమదేనని ఇద్దరు ముగ్గురు వచ్చారు గానీ, వాళ్ల నోళ్లలో పళ్లన్నీ సొంతవే ఉన్నాయి.

మార్గళికి ముందు వారం కొత్త సెట్టు వచ్చింది. మొదటిరోజు ఆయన అద్దం ముందు నిలబడి "శ్రీనివాసా" అంటే, పేరు వెనకాలే సన్నగా ఒక ఈల వచ్చింది. కవిప్రియ గీకింది, రుద్దింది. ఈల సగం తగ్గింది.

మార్గళి మొదటి పొద్దున ఇంకా చీకటిగానే ఉంది. మంచు పడుతోంది. జయలక్ష్మమ్మ శాలువా కప్పుకుని కోవెల బయట, ముగ్గు తొక్కకుండా ఒక పక్కగా నిలబడింది. లోపల గోష్ఠి మొదలైంది. అన్ని గొంతులకూ ముందు ఒక గొంతు. మధ్య మధ్యలో, 'స' వచ్చిన చోటల్లా, ఎక్కడో పిట్ట కూసినట్టు చిన్న ఈల. లోపల ఎవరో కుర్రవాడు తల తిప్పి పిట్ట కోసం పైకి చూశాడు. గొంతు మాత్రం ఆగలేదు.

"చాలా థాంక్సు ఏసయ్యా," అందామె పెదవులు కదిలీ కదలకుండా. "ఆ ఈల సంగతి కూడా తీరిక ఉన్నప్పుడు చూడు."

తెల్లవారాక పురుషోత్తమన్ రెండు ఆకుదొన్నెల్లో వేడి పొంగలితో బయటికి వచ్చాడు. భార్య చేతికి ఒక దొన్నె ఇచ్చి, ఎటో చూస్తూ అడిగాడు. "ఎట్లుండింది?"

"బ్రహ్మాండంగా ఉండింది. ఒక చిన్న ఈల..."

"తెలుసు, తెలుసు." ఆయన పొంగలిలోని జీడిపప్పు నోట్లో వేసుకుని కటుక్కున కొరికాడు. ఆ చప్పుడుకు తానే మురిసిపోయి ఇంకొకటి కొరికాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ ఏసయ్యను ఒక మాట అడిగి చూడరాదా?"

"అడిగేసినా."

"యాడ అడిగినావు?"

"ఈడే, ఇప్పుడే."

"పెరుమాళ్ కోవెల గుమ్మంలోనా?" పురుషోత్తమన్ గొంతు వీధి చివరిదాకా పోయింది. "నీకు బుద్ధుందా జయా? ఏది యాడ అడగాలో తెలీదా? లోకంలో..."

జయలక్ష్మమ్మ పొంగలి తింటూ, తిట్లు వింటూ, ఆయన పక్కనే ఇంటి వైపు నడిచింది.